పెరంబూరు గోడ మీద బ్రాడ్‌వే వీధి

పాత బొమ్మలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా తాతగారు పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేశారు. 1950లలో మూర్ మార్కెట్‌లో ఆయన కొన్న పెన్సిలు బొమ్మ ఒకటి అప్పటినుంచీ మా ఇంటి హాలులో వేలాడుతోంది. ఒక వీధి, దానికి రెండు వైపులా ఇళ్లు ఉన్నాయి. మనుషులు దాదాపుగా లేరు. అడుగున ఇంగ్లీషులో ‘బ్రాడ్‌వే, సెప్టెంబరు 1856’ అని రాసి ఉంది. మన బ్రాడ్‌వే, అంటే నేటి ప్రకాశం సాలై, ఒకప్పుడు ఇలా ఉండేదని తాతగారు ఇంటికి వచ్చిన ప్రతివారికీ చూపించి చెప్పేవారు. మా అబ్బాయి మాత్రం ఇది మద్రాసు కానే కాదంటున్నాడు. ఎవరి మాట నిజం? దీన్ని ఎవరు గీసి ఉంటారు? దీనికి వెల పలుకుతుందా? ఈమధ్య కాగితం మీద గోధుమరంగు మచ్చలు కనబడుతున్నాయి, వాటికి ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: అమ్మా, మీరు శ్రమ అనుకోకుండా ఆ బొమ్మను పాత పంచెలో చుట్టి మా కార్యాలయానికి తీసుకురావడం వల్ల, ఫొటో చూసి జవాబు రాసే ఇబ్బంది నాకు తప్పింది. మీ ఎదుటే ఫ్రేము విప్పి, కిటికీ పక్క వెలుతురులో, భూతద్దం పట్టుకుని గంటకు పైగా చూశాను. మీ అబ్బాయి మాటే నిజం. అయితే మీ తాతగారు అలా అనుకోవడానికి గట్టి కారణమే ఉంది కనుక ముందుగా దాని సంగతి చెబుతాను.

చెన్నపట్నంలో ఉండేవారికి బ్రాడ్‌వే అన్న మాట చెవిన పడగానే ముత్యాలపేటకూ పెద్దనాయకన్‌పేటకూ నడుమ సాగే పొడవాటి వీధే కళ్లకు కడుతుంది. 18వ శతాబ్దం చివర్లో స్టీఫెన్ పోఫామ్ అనే న్యాయవాది ఆ రెండు పేటల మధ్య పల్లపు నేలను బాగుచేయించి ఏర్పరచిన దారి అది. చాలాకాలం దాన్ని ఆయన పేరుతో కలిపి పోఫామ్స్ బ్రాడ్‌వే అనే పిలిచారు. తరువాతి కాలంలో దానికి మన టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు వచ్చింది. 1928లో సైమన్ కమిషన్ రాకను నిరసిస్తూ మద్రాసులో జనం వీధుల్లోకి వచ్చిన నాడు తుపాకులకు ఎదురుగా నిలబడిన మనిషి పేరు అది. ఆ సంగతులు తెలిసిన ఒక తెలుగు రైల్వే కార్మికుడు, పాతసామాన్ల అంగడిలో ఆ అక్షరాలు కనబడగానే బొమ్మను ఇంటికి తెచ్చుకున్నాడంటే, ఆయన తొందరపడ్డారని నేను అనలేను.

అయినా బొమ్మ తన ఊరేదో తానే చెబుతోంది. మొట్టమొదట కప్పుల మీద చూడండి: పదకొండు పొగగొట్టాలు లెక్కకు వచ్చాయి. చలికాలమంతా గదిగదికీ నిప్పు రాజేసుకోవలసిన దేశంలో తప్ప ఒక చిన్న వీధిలో అన్ని పొగగొట్టాలు ఉండవు. ఆనాటి మద్రాసు పెద్దిళ్లకు టేకు దూలాల మీద ఇటుకలను నిలువుగా పేర్చి, సున్నంతో కట్టిన చదును మిద్దె ఉండేది; వీధి వైపు అరుగు ఉండేది. ఈ బొమ్మలో ఒక్క అరుగూ లేదు. కప్పులన్నీ నిట్టనిలువుగా వాలి, ఇంటి ముఖాన గోడ త్రికోణంగా పైకి లేచి ఉంది. కిటికీలను రాతి కమ్ములు రెండు మూడు అరలుగా విభజిస్తున్నాయి. వాన నీరు కిటికీ మీద పడకుండా ఒక్కొక్కదాని నెత్తిన రాతి అంచు ఉబ్బెత్తుగా ఉంది.

ఇవన్నీ ఇంగ్లండులోని కాట్స్‌వోల్డ్ గుట్టల ప్రాంతపు ఇళ్ల లక్షణాలు. ఆ గుట్టల పాదాన, వూస్టర్‌షైర్‌లో, బ్రాడ్‌వే అనే పల్లె ఉంది. అక్కడి ప్రధాన వీధి చాలా వెడల్పు కనుకనే ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. ఆ పేరున్న పల్లెలు ఇంగ్లండులో ఇంకా ఉన్నాయి, సోమర్సెట్‌లోనూ ఒకటి ఉంది. కానీ మీ బొమ్మలో వీధి చివర ఇళ్ల వెనక నుంచి గోడలా లేచిన గుట్ట, అటూ ఇటూ గడ్డి అంచులు, ఆ రాతి ఇళ్ల వరస, మూడూ ఒకచోట కలిసినందున వూస్టర్‌షైర్ బ్రాడ్‌వే అని చెప్పడానికి నేను వెనకాడను.

ఎడమవైపు రెండో ఇంటి కప్పును మీకు భూతద్దంలో చూపించాను, గుర్తుందా? ఆ ప్రాంతంలో ఇళ్ల మీద పరిచేది మన పెంకు కాదు, అక్కడే గుట్టల్లో దొరికే సున్నపురాతి పలకలు. పెద్ద పలకలను చూరు దగ్గర మొదలుపెట్టి, పైకి పోయేకొద్దీ చిన్నవి పేరుస్తూ, శిఖరం దగ్గరకు వచ్చేసరికి అరచేయంత ముక్కలతో ముగించడం అక్కడి పనివారి పద్ధతి. బొమ్మ గీసిన చేయి ఆ పద్ధతిని తప్పకుండా పట్టుకుంది. చూరు దగ్గరి గీతల మధ్య బియ్యపు గింజ పట్టేంత ఎడం ఉంటే, శిఖరం దగ్గర ఆ గీతలు ఒకదానినొకటి దాదాపు తాకుతున్నాయి. ఊహించి గీసేవారు కప్పు మొత్తాన్ని ఒకే రకం గళ్లతో నింపేస్తారు. ఇది ఎదురుగా కూర్చుని, పలక తరువాత పలకను చూస్తూ గీసిన బొమ్మ. నాకు అన్నిటికంటే నచ్చిన భాగం అదే.

ఇక ఆ వీధిలోని నిశ్శబ్దం సంగతి. బొమ్మలో ప్రాణులు మూడే: గుమ్మంలో నిలబడిన ఒక స్త్రీ, గోడ నీడన పడుకున్న కుక్క, దూరాన వీపు మాత్రమే కనబడే ఒక మనిషి. ఇంగ్లండు పల్లెలు ఎప్పుడూ ఇలాగే ప్రశాంతంగా ఉండేవని అనుకుంటాం. ఈ ఊరి విషయంలో అది నిజం కాదు. వూస్టర్ నుంచి లండన్ వెళ్లే పాత దారి ఈ వీధి గుండానే పోయేది. గుర్రపు కోచ్‌లు ఇక్కడ ఆగి గుర్రాలను మార్చుకునేవి. ముందున్న ఫిష్ హిల్ అనే నిటారు గుట్ట ఎక్కడానికి అదనపు గుర్రాలను కట్టించుకునేవి. అందుకే ఒక చిన్న పల్లెలో అన్ని సత్రాలు వెలిశాయి. ఇప్పుడు లిగన్ ఆర్మ్స్ అని పిలిచే, అంతకుముందు వైట్ హార్ట్ అన్న పేరున్న సత్రం వాటిలో పెద్దది. మీ బొమ్మలో కుడివైపు ఇనుప కమ్మికి పేరుబల్ల వేలాడుతున్న భవనం సత్రమే. పగలూ రాత్రీ గుర్రాల డెక్కల చప్పుడు, కోచ్‌వాళ్ల కొమ్ముబూరల మోత, లాయం కుర్రాళ్ల కేకలు వినబడిన వీధి అది.

1850ల మొదట్లో దగ్గరలోని ఈవ్‌షమ్‌కు రైలు వచ్చింది. ప్రయాణికులు అటు మళ్లారు. కోచ్‌లకు పని లేకపోయింది, గుర్రాలను అమ్మేశారు, సత్రాలు వెలవెలబోయాయి. బ్రాడ్‌వేకు సొంత రైల్వే స్టేషను 1904 దాకా రాలేదు కనుక మధ్యలో అర్ధశతాబ్దం పాటు ఆ ఊరు లోకం దారి నుంచి పక్కకు జరిగిపోయింది. మీ బొమ్మ మీది 1856 సరిగ్గా ఆ మార్పు జరిగిన కొన్నేళ్లకు వచ్చింది. వీధి నడుమ, పాత బండి గాడుల మధ్య, ఐదారు చిన్న గీతలతో గడ్డి పరకలు గీసి ఉన్నాయి; రోజూ కోచ్‌లు తిరిగే దారిలో గడ్డి మొలవదు. అంటే ఈ బొమ్మలోని నిశ్శబ్దానికి ఒక వయసు ఉంది, అది నాలుగైదేళ్ల కంటే ఎక్కువ కాదు, దాన్ని తెచ్చిపెట్టింది రైలు. జీవితమంతా రైలింజన్ల మధ్య గడిపిన మీ తాతగారికి ఈ మాట చెప్పగలిగి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు నిజంగా అనిపించింది.

ఆ ఏళ్లలో ఇంగ్లండు మొత్తం మీద కూడా ఒక పెద్ద మలుపు జరిగింది. 1851 జనాభా లెక్కల్లో మొదటిసారిగా పల్లెవాసుల కంటే పట్టణవాసుల సంఖ్య పైకి వచ్చింది. పొగ నిండిన పట్టణాల్లో ఉండేవారికి రాతి ఇళ్ల పల్లె మీద మమకారం పెరిగింది. ఇదే బ్రాడ్‌వే దగ్గరి గుట్ట మీది పాత బురుజులో 1870లలో ఇంగ్లీషు కవి, అలంకరణ కళాకారుడు విలియం మోరిస్, ఆయన మిత్రులు వచ్చి బస చేశారు. 1880లలో ఫ్రాన్సిస్ డేవిస్ మిల్లెట్, ఎడ్విన్ ఆస్టిన్ ఆబీ వంటి అమెరికా చిత్రకారులు ఊళ్లోనే ఇళ్లు తీసుకున్నారు. వాళ్లతో కలిసిన జాన్ సింగర్ సార్జెంట్ 1885, 1886 సంవత్సరాల్లో, తోటలో కాగితపు లాంతర్లు వెలిగిస్తున్న ఇద్దరు ఆడపిల్లల చిత్రాన్ని, రోజూ మునిమాపు వెలుగు నిలిచే ఆ కొద్ది నిమిషాల్లోనే వేస్తూ అక్కడే పూర్తిచేశారు. మీ బొమ్మ వాళ్లందరికంటే ముందుది. ఆ ఊరి అందానికి ఇంకా పేరు రాకముందే ఎవరో ఒకరు ఆగి, చూసి, గీసుకున్నారు.

ఎవరో ఒకరు అనే అంటున్నాను. సంతకం లేదు. గీతల తీరును బట్టి చిత్రకారుణ్ణి చెప్పడం ఈ బొమ్మ విషయంలో న్యాయం కాదు. గోడల అంచులను ఒకే గీతతో కాక, మధ్యమధ్య తెంపుతూ, చిన్న చిన్న ముక్కలుగా గీసే ఈ పద్ధతి ఇంగ్లీషు చిత్రకారుడు శామ్యూల్ ప్రౌట్‌ది. ఆయనా, జేమ్స్ డఫీల్డ్ హార్డింగూ అచ్చువేయించిన నమూనా పుస్తకాలను ముందు పెట్టుకుని ఆ కాలంలో వేలమంది చేయి తిప్పుకున్నారు. కలిగిన ఇళ్లలోని ఆడపిల్లలకు డ్రాయింగ్ మాస్టరును పెట్టి నేర్పించేవారు. సైనికాధికారులకు అది చదువులో భాగం. కాబట్టి బాగా నేర్చుకున్న ఔత్సాహికుల చేయి అనుకోవడం సబబు. అలాంటివారు తమ బొమ్మల పుస్తకాలను వెంట తెచ్చుకుని మద్రాసులో కాపురం పెట్టడం, తిరిగి వెళ్లేటప్పుడు ఇంటి సామాను వేలం వేయించడం మామూలే. 1900లో తెరిచిన మూర్ మార్కెట్, 1985లో మంటలకు ఆహుతి అయ్యేదాకా, అటువంటి వస్తువులకు చివరి మజిలీగా ఉండేది.

తేదీ విషయంలో కాగితం కూడా సాక్ష్యం చెప్పింది. వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నప్పుడు ‘జె. వాట్‌మన్, 1854’ అన్న నీటిగుర్తు కనబడింది కదా. అది కెంట్‌లోని మెయిడ్‌స్టన్ దగ్గర మొదలైన, చిత్రకారులు ఏరి కొనుక్కునే కాగితం. నార, నూలు పాతగుడ్డల గుజ్జుతో చేసేవారు. నీటిగుర్తులోని ఏడాది బొమ్మ గీసిన ఏడాది కాదు, కాగితం పుట్టిన ఏడాది. బొమ్మ అంతకంటే ముందుది కాజాలదని మాత్రమే దాని అర్థం. 1854 కాగితం మీద 1856 బొమ్మ ఉండడం చక్కగా పొసగుతుంది. ఇంకొక చిన్న సంగతి కూడా చెప్పాలి. కుడివైపు మూడో ఇంట్లో ఒక కిటికీని రాళ్లతో మూసేసినట్టు గీశారు. ఇంగ్లండులో 1696 నుంచి 1851 దాకా కిటికీల లెక్కన ఇళ్లకు పన్ను ఉండేది. పన్ను తగ్గించుకోవడానికి కొందరు కిటికీలు మూయించేవారు. పన్ను పోయిన ఐదేళ్లకు కూడా ఆ ఇంటివారు ఆ కిటికీని తెరవలేదన్నమాట.

వెల గురించి అడిగారు. సంతకం లేని ఇటువంటి పెన్సిలు బొమ్మలకు పెద్ద ధర రాదు. అమ్మవద్దని నా సలహా.

మచ్చల గురించి మాత్రం వెంటనే శ్రద్ధ పెట్టాలి. చెన్నై గాలిలోని తేమ వల్ల కాగితంలో సన్నని బూజు పడుతుంది. కాగితంలో చిక్కుకున్న ఇనుప రేణువులు తుప్పు పట్టినా ఇటువంటి మచ్చలే వస్తాయి. వాటిని మీరు తుడవవద్దు. రబ్బరుతో రుద్దినా, తడిగుడ్డ పెట్టినా మచ్చ పోదు, పెన్సిలు పోతుంది. ఆ పని కాగితం మరమ్మతు నేర్చినవారిదే. బొమ్మ చుట్టూ చట్రంలా ముదురు గోధుమరంగు గీత ఏర్పడింది చూశారా, అది ఎప్పుడో ఫ్రేము కట్టినవారు వాడిన చవక అట్టలోని ఆమ్లం చేసిన పని. పైఅంచుకు అంటించిన సెల్లోటేపు కూడా వాళ్ల పనే. దాన్ని లాగి ఊడదీయవద్దు. ఆమ్లం లేని అట్టతో కొత్త మౌంటు, అంటే ఫ్రేములో బొమ్మ చుట్టూ ఉండే అట్ట చట్రం, చేయించండి. అద్దానికీ కాగితానికీ మధ్య ఎడం ఉండేలా మౌంటు కాస్త మందంగా ఉండాలి, లేకపోతే అద్దం లోపల చేరిన తడికి కాగితం అంటుకుపోతుంది. వానకు తడిసే బయటి గోడకు, వంటింటి గోడకు వేలాడదీయకండి. వెనకవైపు మూలలకు చిన్న బిరడా ముక్కలు అంటిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. ఏడాదికి ఒకసారి, ఈశాన్య రుతుపవనం వెళ్లాక, వెనక అట్ట విప్పి వెండిరంగు పురుగులు చేరాయేమో చూసుకోండి. లామినేషన్ చేయిస్తే మంచిదని ఎవరైనా చెబితే వినకండి.

పాత అట్టను పారేయవద్దు. దాని వెనక మీ తాతగారు తెలుగులో ‘మూర్ మార్కెట్, మూడు రూపాయలు’ అని రాసుకున్నారు. ఆ అక్షరాలు ఉన్న ముక్క వరకు కత్తిరించి, కాగితపు కవరులో పెట్టి, కొత్త ఫ్రేము వెనక అంటించండి. ఇంగ్లండులోని ఆ వీధి పెరంబూరు దాకా వచ్చిన దారికి మిగిలిన రుజువు అదొక్కటే.

ప్రశ్న: మా మామగారి సామానులో ఇంగ్లండు పల్లె దారి, చర్చి గోపురం ఉన్న ఒక పాత బొమ్మ దొరికింది. చూడటానికి పెన్సిలుతో గీసినట్టే ఉంది. అది అచ్చు అయి ఉండవచ్చని ఒక మిత్రుడు అనుమానం పెట్టారు. ఇంట్లోనే తేల్చుకునే దారి ఉందా?
– ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: ఉంది. పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, పక్కనుంచి వాలుగా పడే వెలుతురు ఉంటే చాలు.

బొమ్మను కిటికీ దగ్గర పట్టుకుని, ముదురు నీడ ఉన్న చోటును మెల్లగా అటూ ఇటూ వంచి చూడండి. పెన్సిలులోని గ్రాఫైటు ఏదో ఒక కోణంలో సీసంలా తళుక్కుమంటుంది. అచ్చు సిరా ఏ కోణంలోనూ అలా మెరవదు. తరువాత వాలు వెలుతురులో కాగితం ఉపరితలాన్ని చూడండి: గట్టిగా నొక్కి గీసిన గీత ఉన్నచోట కాగితం సన్నని గాడిలా లోపలికి పోయి ఉంటుంది, వెనక తిప్పితే ఆ గీత కాస్త ఉబ్బినట్టు కనబడవచ్చు. భూతద్దంలో చూసినప్పుడు పెన్సిలు పొడి కాగితపు నూగు మీద, ఎత్తైన చోట్ల మాత్రమే కూర్చుని ఉంటుంది. పల్లాల్లో తెల్లదనం మిగులుతుంది.

మీ మిత్రుడి అనుమానానికి ఆధారం లేకపోలేదు. బవేరియాలో అలోయిస్ సెనెఫెల్డర్ 1790ల చివర్లో రాతి అచ్చు పద్ధతి కనిపెట్టాక, చిత్రకారులు జిడ్డు క్రేయానుతో నేరుగా రాతి మీద గీసి వందల ప్రతులు తీయగలిగారు. క్రేయాను గీత కూడా గరుకుగానే పడుతుంది కనుక దూరం నుంచి చూస్తే పెన్సిలే అనిపిస్తుంది. పై జవాబులో చెప్పిన ప్రౌట్, హార్డింగ్ ఇద్దరూ ఈ పద్ధతిలో చేయి తిరిగినవారు. అంతకంటే ముందు మెత్తని మైనం పూసిన రాగిరేకు మీద కాగితం పరచి, ఆ కాగితం మీద పెన్సిలుతో గీసి, ఆ గీతలనే ఆమ్లంతో రేకులోకి దించే పద్ధతి కూడా ఉండేది. అలా తీసిన ప్రతికి బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కుకున్న గుర్తు దీర్ఘచతురస్రంగా ఉంటుంది. దాన్ని వేలితో తడిమినా తెలుస్తుంది. భూతద్దంలో బొమ్మంతా క్రమమైన చుక్కల వరసగా కనబడితే అది బాగా తరువాతి కాలపు యంత్రపు అచ్చు.

రబ్బరుతో ఒక మూల చెరిపి పరీక్షించమని చెప్పేవారు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి.

అచ్చు అని తేలితే నిరాశపడవలసింది కూడా లేదు. మీ బెంగళూరు కోటను, మైసూరు రాజ్యపు దృశ్యాలను టిప్పు కాలపు యుద్ధాల్లో పాల్గొన్న జేమ్స్ హంటర్ అనే ఫిరంగిదళ అధికారి చేత్తో గీసుకున్నాడు. ఆయన 1792లో చనిపోయాడు. ఆ బొమ్మలను చాలామంది చూడగలిగింది మాత్రం 1804, 1805 సంవత్సరాల్లో లండనులో అచ్చు వేసినందువల్లనే.

ప్రశ్న: నేను ఎగ్మూరు దగ్గరి ప్రభుత్వ లలితకళా కళాశాలలో చదువుతున్నాను. 19వ శతాబ్దపు ఇంగ్లీషు పెన్సిలు బొమ్మల్లో వెండిలాంటి మెత్తని బూడిదరంగు ఉంటుంది. ఎంత ప్రయత్నించినా నాకు అది రావడం లేదు. వాళ్ల పెన్సిళ్లు వేరా, పద్ధతి వేరా?
– ఒక విద్యార్థి, చెన్నై

జవాబు: రెండూ కొంత వేరే. మీ ప్రశ్నకు ముందుగా ఒక మాట: 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు మద్రాసులో ప్రారంభించిన కళాశాలే మీరు చదువుతున్నది. పెరంబూరు పాఠకురాలి బొమ్మ గీసిననాటికి మీ కళాశాలకు ఆరేళ్లు.

ఇంగ్లండు ఉత్తరాన, కంబర్లండ్‌లోని బారోడేల్ లోయలో 16వ శతాబ్దంలో స్వచ్ఛమైన గ్రాఫైటు గడ్డలుగా బయటపడింది. మొదట్లో దాన్ని గొర్రెల మీద గుర్తులు పెట్టుకోవడానికి వాడుకున్నారు. ఫిరంగి గుండ్లు పోసే అచ్చులకు లోపల పూయడానికి పనికివస్తుందని తెలిశాక దానికి కాపలా పెట్టారు. 1752లో ఆ గని నుంచి దొంగిలించడాన్ని పెద్ద నేరంగా చేస్తూ పార్లమెంటు చట్టమే చేసింది. ఆ గడ్డను రంపంతో సన్నని పుల్లలుగా కోసి, కొయ్యలో బిగించేవారు. అందులో బంకమట్టి కలవదు కనుక గీత మృదువుగా, జారుతూ పడేది. దాన్ని చాలాకాలం సీసం అనుకున్నారు; 1779లో కార్ల్ షీలే అది కర్బనమని తేల్చాడు. ఇంగ్లండుతో యుద్ధం వల్ల ఆ గ్రాఫైటు ఫ్రాన్సుకు అందకపోవడంతో 1795లో నికోలా జాక్ కోంటే గ్రాఫైటు పొడిని బంకమట్టితో కలిపి బట్టీలో కాల్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మట్టి పెరిగితే ములుకు గట్టిది, తగ్గితే మెత్తనిది. ఈరోజు మీ పెట్టెలో ఉన్న హెచ్, బి రకాలన్నీ ఆ సూత్రం మీద తయారైనవే. బారోడేల్ గని 19వ శతాబ్దం నడిమికి దాదాపు అయిపోవచ్చింది. ఆ గ్రాఫైటు దుమ్మునే గట్టిగా అదిమి దిమ్మెలు చేసే పద్ధతికి 1843లో విలియం బ్రాక్‌డన్ పేటెంటు పొందాడు కాబట్టి మరికొంత కాలం మట్టి కలవని పెన్సిళ్లు దొరికాయి.

అయితే ఆ వెండిరంగులో సగం వాటా కాగితానిదీ చేతిదీ. పెరంబూరు బొమ్మలో త్రికోణపు గోడల నీడను చూశాను. ఎక్కడా వేలితో రుద్దలేదు. ములుకును కత్తితో ఉలి అంచులా పలకగా చెక్కి, పక్కపక్కనే, అన్నీ ఒకే వాలుగా ఉన్న వెడల్పాటి గీతలు వేశారు; గీతకూ గీతకూ మధ్య కాగితపు తెలుపు వెంట్రుకవాసి మిగిలింది. నీడ వెలుగుతున్నట్టు అనిపించడానికి ఆ తెలుపే కారణం. మనం ఈరోజు నీడ వేయగానే వేలో, చుట్టిన కాగితమో పెట్టి పాముతాం. ఆ క్షణంలోనే నూగు పల్లాలన్నీ పొడితో నిండిపోయి బొమ్మ మసకబారుతుంది. పాతగుడ్డల గుజ్జుతో చేసిన, కాస్త నూగున్న కాగితం తీసుకోండి. 2బి, 4బి పెన్సిళ్లను కత్తితో పలకగా చెక్కండి, షార్పెనరు వద్దు. ముదురు చోటు కావలసినప్పుడు మళ్లీ మళ్లీ రుద్దకుండా, ఒక్కసారే నొక్కి గీసి వదిలేయండి. జార్జ్ టౌన్‌లో ఏదో ఒక పాత మిద్దె ముందు ఉదయం ఏడింటికి, వాలు ఎండలో కూర్చుని నెలరోజులు ఇలా గీస్తే తేడా మీకే కనబడుతుంది.

తప్పు గీత పడితే భయపడకండి. 1770లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ పెన్సిలు గీతలను రబ్బరు తుడిచేస్తుందని రాసేదాకా రొట్టె మెత్తతోనే చెరిపేవారు. 1856 నాటికి రబ్బరు అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆ బొమ్మలోనూ ఒక పొగగొట్టాన్ని చెరిపి, కొంచెం ఎడమకు జరిపి మళ్లీ గీశారు. పాత గీత గాడి ఇంకా ఉంది.

ప్రశ్న: పెన్సిలు బొమ్మలు ఎండకు వెలిసిపోతాయా?
– ఒక పాఠకురాలు, జయనగర్, బెంగళూరు

జవాబు: గ్రాఫైటు కర్బనం కనుక వెలుతురుకు వెలిసిపోదు. వెలుతురుకు మారేది కాగితం. చవక కాగితం పసుపెక్కి ముదురైనకొద్దీ దాని మీది బూడిదరంగు గీత కంటికి ఆనదు, మనం దాన్ని వెలిసిపోవడం అనుకుంటాం. బొమ్మలో తెల్లని వెలుగుల కోసం తెల్లరంగు వాడి ఉంటే ఇంకొక మార్పు జరగవచ్చు: సీసపు తెలుపు అయితే గాలిలోని గంధకపు వాయువులకు కాలక్రమంలో నల్లబడుతుంది. 1834లో లండనులోని విన్సర్ అండ్ న్యూటన్ వారు జింకుతో చేసిన చైనీస్ వైట్ అమ్మకానికి తెచ్చాక చాలామంది దానికి మారారు, అది నల్లబడదు. మీ బొమ్మలో మబ్బు అంచులు, గోడల వెలుగులు ఉండవలసిన చోట నల్లని మచ్చలు కనబడితే అది మసి అనుకుని తుడవకుండా, కాగితం మరమ్మతు తెలిసినవారికి ముందుగా చూపించండి.